పొగాకు బ్యారన్ వెనక నుంచి పాలపుంతని విన్నాను

పగలు పది గంటలకి, ఎండలో, నులక మంచం తిరగేసి దాని నాలుగు కోళ్ళ మధ్య ఒక రేకు గరాటుని ఆకాశం వైపు తెరిచి పెట్టి, పక్కన గొడుగు కింద లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిని చూస్తే ఊళ్ళో ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి. మా పెదనాన్న మాత్రం ఒక్కటే అడిగాడు, "ఏందిరా అబ్బయ్యా, వాన నీళ్ళు పట్టడానికా?" అని. ఫిబ్రవరిలో కొండపి దగ్గర వానేంది పెదనాన్నా అన్నాను.

నేను ఒంగోలులో సీసీ కెమెరాలు బిగించే పని చేస్తాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను, తర్వాత దాన్ని ముట్టుకున్నది లేదు. రెండేళ్ళ కిందట పుణె వైపు ఒక పని మీద వెళ్ళినప్పుడు, ఫిబ్రవరి 28 సైన్స్ డేకి ఖోడద్‌లోని పెద్ద రేడియో టెలిస్కోపుని జనానికి చూపిస్తారని తెలిసి నారాయణగావ్ బస్సెక్కాను. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ కట్టించిన జీఎంఆర్టీ (జెయంట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్) అదే. ఒక్కో డిష్ అడ్డంగా 45 మీటర్లు, అలాంటివి 30, పాతిక కిలోమీటర్ల మేర పరిచి ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం వాటి సైజు కాదు, డిష్ అంతా సన్నటి తీగ జాలీ కావడం. కింద నిలబడితే జాలీలోంచి మబ్బులు కనిపిస్తున్నాయి. తరంగం పొడవుతో పోలిస్తే కన్నాలు బాగా చిన్నవైతే చాలు, ఆ తరంగానికి జాలీ కూడా నిండు గోడే. ఇంత పెద్ద యంత్రం తీగలతో కట్టగలిగినప్పుడు చిన్నది రేకుతో నేనెందుకు కట్టకూడదు అని అక్కడే అనిపించింది. తిరుగు బస్సులో ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను.

చదివింది క్లుప్తంగా చెబుతాను. గెలాక్సీల్లో నక్షత్రాల మధ్య హైడ్రోజన్ వాయువు పరుచుకుని ఉంటుంది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్ రెండింటికీ స్పిన్ (చిన్న అయస్కాంతంలా ఒక దిక్కు చూపించే గుణం) ఉంటుంది. రెండూ ఒకే వైపు ఉన్న స్థితి నుంచి ఎలక్ట్రాన్ స్పిన్ ఎదురు వైపు తిరిగితే కొంచెం శక్తి బయటికి వస్తుంది, 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 21 సెంటీమీటర్ల తరంగంగా. తనంతట తాను ఒక పరమాణువు అలా తిరగాలంటే సగటున కోటి సంవత్సరాలు పడుతుంది. కానీ అక్కడున్న పరమాణువులకి లెక్కా పత్రం లేదు కాబట్టి ఎప్పుడూ ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. ఇలాంటి తరంగం ఉండాలని 1944లో హాలండ్‌లో వాన్ డి హల్స్ట్ లెక్క కట్టాడు, 1951 మార్చి 25న అమెరికాలో హార్వర్డ్‌లో ఎవెన్, పర్సెల్ పట్టుకున్నారు. దేనితో పట్టుకున్నారనుకుంటున్నారు? డిష్‌తో కాదు, కిటికీ బయట పెట్టిన ఒక పెద్ద గరాటుతో. వాన పడితే నీళ్ళు అందులోంచి లాబ్‌లోకి వచ్చేవట, కుర్రాళ్ళు మంచు ముద్దలు విసిరేవారట. పెదనాన్న అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదన్నమాట.

ఇంకో సంగతి, ఈ తరంగాన్ని దుమ్ము ఆపలేదు. పాలపుంత మధ్యలో మన కంటికి నల్లగా కనిపించే చోట్ల వెలుగుని దుమ్ము మింగేస్తుంది, 21 సెంటీమీటర్ల తరంగం మాత్రం దూరి వచ్చేస్తుంది. మన పాలపుంత కూడా స్పైరల్ (సుడి ఆకారపు) గెలాక్సీయే, దాని చేతులు ఎటు ఎటు చుట్టుకున్నాయో 1950లలో హాలండ్ వాళ్ళు, ఆస్ట్రేలియా వాళ్ళు గీసింది ఈ తరంగంతోనే. లోపల కూర్చున్న మనకి ఇంటి ప్లాను గీయడం కుదిరిందంటే అలాగే. పైగా దీనికి రాత్రి అక్కర్లేదు, మబ్బు అడ్డం కాదు. పగలు కెమెరాలు బిగించి, రాత్రి పడుకునే నాలాంటి వాడికి ఇంతకంటే ఏం కావాలి.

మొదటి గరాటు థర్మాకోల్ షీట్లకి వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ అతికించి చేశాను. దాని గురించి ఎక్కువ చెప్పను. మేడ మీద రెండు రోజులు ఉంది, మూడో రోజు పక్కింటి వాళ్ళ సన్‌షేడ్ మీద ఉంది.

రెండోది రేకుతో. మా వైపు పొగాకు బ్యారన్‌లలో, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే ఇళ్ళలో, పొయ్యి వేడిని లోపలంతా తిప్పడానికి రేకు గొట్టాలు వేస్తారు, అవి చేసే ఆయన టంగుటూరులో తెలిసినవాడు ఉన్నాడు. ఆయనకి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. వెనక డబ్బా లోపలి కొలత 17 సెంటీమీటర్లు వెడల్పు, 11 ఎత్తు, దాని నుంచి ముందుకి విచ్చుకుంటూ పోయి నోరు 75 బై 60. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పెద్ద నోరు పెడితే పొగ నిలవదు" అన్నాడు. పొగ కోసం కాదు అని చెప్పాక కూడా ఆయనకి నమ్మకం కుదరలేదు, కానీ పని మాత్రం మిల్లీమీటరు తేడా లేకుండా చేశాడు. కొలతల్లో ముఖ్యమైనది ఆ 17 సెంటీమీటర్లే. డబ్బా మరీ ఇరుకైతే 21 సెంటీమీటర్ల తరంగం లోపలికి రానే రాదు, మరీ వెడల్పైతే ఇంకో రకం తరంగాలు కూడా దూరి గందరగోళం చేస్తాయి. డబ్బా వెనక గోడ నుంచి 6.7 సెంటీమీటర్ల దగ్గర కన్నం వేసి, 5.2 సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టాను, అదే అసలు యాంటెన్నా. మిగతా రేకంతా దాని దగ్గరికి తరంగాన్ని తోలుకొచ్చే దారి.

తీగ నుంచి 1420 దగ్గరి తరంగాలని మాత్రమే వదిలే ఫిల్టర్ ఉన్న చిన్న ఆంప్లిఫయర్, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్ సైజు ఎస్‌డీఆర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌తో ట్యూన్ చేసుకునే రేడియో), అక్కడి నుంచి లాప్‌టాప్. ఆంప్లిఫయర్‌ని గరాటుకి ఆనించే పెట్టాలి. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, పదేళ్ళుగా కేబుల్‌లో సిగ్నల్ ఎలా కారిపోతుందో చూస్తున్న వాణ్ణి.

అయినా నేను చేసిన మొదటి తప్పు కేబుల్ వాడు చేయకూడని తప్పే. ఆంప్లిఫయర్‌కి కరెంటు ఆ కేబుల్‌లోంచే వెళ్ళాలి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఆన్ చేయాలి. చేయలేదు. రెండు రోజులు మేడ మీద కూర్చుని నేను శ్రద్ధగా కొలిచింది నా డాంగిల్ సొంత గురక.

ఆన్ చేశాక, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలం ఉందో చూపించే గ్రాఫ్ కొంచెం పైకి లేచింది, సరిగ్గా మధ్యలో సన్నగా ఒక ముల్లు నిలబడింది. 1420.4 మీద పెట్టాను, 1420.4 దగ్గరే ముల్లు. నేను చేసిన హడావిడి అంతా ఇంతా కాదు, మా అక్కకి ఫోన్ చేశాను, స్క్రీన్ ఫొటో తీసి పంపాను. మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది, అది ఫొటో చూసి, "మామయ్యా, ట్యూనింగ్ 1420.9కి మార్చి చూడు, ముల్లు కూడా నీతో వస్తే అది నీదే" అంది. మార్చాను. వచ్చింది. అది డాంగిల్ తనకు తాను పుట్టించుకునే ముల్లు, ఎక్కడ ట్యూన్ చేస్తే అక్కడ మధ్యలో ఉంటుంది. అసలు హైడ్రోజన్ సన్నగా ముల్లులా ఉండదు, చాట బోర్లించినట్టు ఉబ్బుగా ఉంటుంది, ఎందుకంటే ఆ వాయువులో ఒక్కో ముక్క ఒక్కో వేగంతో కదులుతూ ఉంటుంది కదా. ఆ రోజు నుంచి ప్రోగ్రాం రాసే పని మేనకోడలికే అప్పగించాను.

ఒంగోలులో ఇంకో మూడు వారాలు తన్నుకున్నాను. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ఏమీ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది, ఆకాశాన్ని వినేవాళ్ళ కోసం వదిలేసిన సందు అది. ఆ నిబంధన మా మెట్ల మీది ఎల్‌ఈడీ బల్బుకి తెలియదు. నేను స్వయంగా బిగించిన కెమెరాల అడాప్టర్లకీ తెలియదు. ఒకటి ఆపితే ఇంకోటి, అన్నీ ఆపితే పక్క వీధి సెల్ టవర్ దెబ్బకి ఆంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరి. ఆఖరికి గరాటుని కారియర్ ఉన్న మా వ్యాన్ మీద కట్టుకుని పెదనాన్న వాళ్ళ ఊరు వెళ్ళిపోయాను. అక్కడ వాడకంలో లేని పాత బ్యారన్ ఒకటి ఉంది, రెండు మనుషుల ఎత్తు పైనే ఇటుక గోడ, రేకు కప్పు. టవర్ తూర్పున ఉంది, నేను పడమటి గోడ చాటున కూర్చున్నాను. గ్రాఫ్ ఒక్కసారిగా నిమ్మళించింది. బ్యారన్‌ని పొగాకు కాల్చడానికి కట్టారు గానీ రేడియో టెలిస్కోపు పక్కన పెట్టడానికి అంతకంటే మంచి గోడ జిల్లాలో లేదు.

ఇక అదృష్టం చెప్పాలి. మా ఊరు భూమధ్యరేఖకి ఉత్తరంగా 15 డిగ్రీలు దాటి ఉంటుంది. పాలపుంతలో శ్రవణా నక్షత్రం పక్క నుంచి పోయే ముక్క కూడా ఆకాశంలో అదే 15 డిగ్రీల దగ్గర ఉంది. అంటే గరాటుని ఎటూ వంచక్కర్లేదు, నిట్టనిలువుగా పైకి పెడితే రోజుకొకసారి అదే నడినెత్తి మీదుగా వెళుతుంది. ఫిబ్రవరి నడుమ ఆ సమయం ఉదయం ఇంచుమించు పది. నేను యాప్‌లో ఈ లెక్క చూసి మురిసిపోతుంటే పెదనాన్న తేలిగ్గా అన్నాడు, "శ్రవణ కార్తె పోయి వారం దాటింది, ఇప్పుడు ధనిష్ఠ. సూర్యుడు ఇప్పుడే దాన్ని దాటి వచ్చాడు, మరి శ్రవణం పగలే కదా నెత్తిన ఉండేది." నేను రెండు గంటలు కూర్చుని తెలుసుకున్నది ఆయనకి పొలం పనుల లెక్కలో ముందే ఉంది.

ముందుగా తొమ్మిదింటి లోపలే, పాలపుంత పక్కకి ఉన్నప్పుడు, ఖాళీ ఆకాశం గ్రాఫ్ ఒకటి తీసి దాచుకున్నాను. డాంగిల్ గ్రాఫ్ సహజంగానే వంకరగా ఉంటుంది, ఆ వంకరని తీసేయాలంటే ఏమీ లేని చోట తీసిన గ్రాఫ్‌తో భాగించాలి. పదింటికి అయిదు నిమిషాలు రికార్డ్ చేశాను, భాగించాను. వచ్చింది. ఒక డెసిబెల్ ఎత్తు కూడా లేదు, కానీ ముల్లు కాదు, ఉబ్బు. ట్యూనింగ్ మార్చినా కదల్లేదు. పదకొండున్నరకి తగ్గింది. మర్నాడు నాలుగు నిమిషాలు ముందే వచ్చింది, మూడో రోజు ఎనిమిది నిమిషాలు ముందు. నక్షత్రాలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి జరుగుతాయి. బల్బులు, టవర్లు, మోటార్లు గడియారం ప్రకారం నడుస్తాయి గానీ నక్షత్రాల ప్రకారం నడవవు కదా. నాకు నమ్మకం కుదిరింది ఉబ్బు చూసి కాదు, ఈ నాలుగు నిమిషాలు చూసి.

మధ్యలో ఒక తమాషా. గ్రాఫ్ మొత్తం ఉన్నట్టుండి పైకి లేచింది. తల ఎత్తి చూస్తే పెదనాన్న గరాటు మీదకి వంగి లోపల ఏముందా అని చూస్తున్నాడు. వెచ్చగా ఉన్నది ఏదైనా ఈ తరంగాలు వదులుతుంది, మనిషి కూడా. పక్కకి జరగమంటే దిగింది, మళ్ళీ వంగమంటే లేచింది. "అంటే నేను కూడా మోగుతున్నానా?" అన్నాడు. ఆ మధ్యాహ్నం పొగాకు ఆకు కట్టే ఆడవాళ్ళంతా వరసగా వచ్చి గరాటు ముందు నిలబడి వెళ్ళారు, ఎవరికి ఎక్కువ లేస్తుందో చూసుకున్నారు. ఎవరు నోటికి దగ్గరగా నిలబడితే వాళ్ళకి ఎక్కువ, అంతే.

తర్వాత వేగాలు. వాయువు మన నుంచి దూరం పోతుంటే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, దగ్గరకి వస్తుంటే పెరుగుతుంది, సెకనుకి ఒక కిలోమీటరుకి 4.74 కిలోహెర్ట్జ్ చొప్పున. పాలపుంత కేంద్రం నుంచి 30, 40, 50, 60 డిగ్రీల పక్కగా చూసి, ఒక్కోచోట ఉబ్బు ఆఖరి అంచు ఎంత వేగం చూపిస్తోందో తీసుకుంటే, దానికి సూర్యుడి వేగంలో తగిన వాటా కలిపితే, అక్కడి వాయువు గెలాక్సీ చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో వస్తుంది. నాకు మొదట వచ్చిన అంకెలు అన్నీ ముప్ఫై పైచిలుకు కిలోమీటర్లు తక్కువ వచ్చాయి. నాలుగు రోజులు గరాటుని అనుమానించాను, డాంగిల్‌ని అనుమానించాను, టంగుటూరు ఆయన్ని కూడా అనుమానించాను. మేనకోడలు పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్ చేసి, "మామయ్యా, భూమి సూర్యుడి చుట్టూ తిరిగేది సెకనుకి 30 కిలోమీటర్లు, దాన్ని తీసేశావా?" అంది. తీసేయలేదు. సూర్యుడికి చుట్టుపక్కల నక్షత్రాల మధ్య ఇంకో 20 కిలోమీటర్ల సొంత నడక ఉంది, అదీ తీసేయలేదు. ఆ నెలలో ఆ దిక్కుకి రెండూ కలిసి వచ్చి మమ్మల్ని ఆ వాయువు వైపే తోస్తున్నాయి. మంచం కదలకుండా కట్టాననుకున్నాను గానీ మంచంతో పాటు భూమి పోతోంది.

సరిచేశాక 30 డిగ్రీల దగ్గర సెకనుకి 218 కిలోమీటర్లు, 40 దగ్గర 219, 50 దగ్గర 223, 60 దగ్గర 222 వచ్చాయి. 30 డిగ్రీల చూపు కేంద్రానికి 13 వేల కాంతి సంవత్సరాల దూరంలోని వాయువుని తాకుతుంది, 60 డిగ్రీలది 23 వేల దూరంలోని దాన్ని. బరువంతా నడిమధ్యలోనే ఉండుంటే, గ్రహాల్లాగా, దూరం పోయేకొద్దీ వేగం పడిపోయి 218 కాస్తా 165 దగ్గరకి రావాలి. రాలేదు, బల్లపరుపుగా ఉంది. ఇక్కడ చాలామంది నేను కృష్ణ పదార్థాన్ని (డార్క్ మ్యాటర్, కంటికి కనిపించని బరువు) కనిపెట్టాను అని రాసేస్తారు. నేను రాయను. నా గరాటు చూపు 20 డిగ్రీల వెడల్పు, అంటే నలభై చందమామల్ని పక్కపక్కన పేర్చినంత, ఒక కొలతలో పక్క కొలత సగం కలిసిపోయి ఉంటుంది. పైగా ఇదంతా సూర్యుడి కక్ష్యకి లోపలి వైపు, అక్కడ కనిపించే నక్షత్రాలే బోలెడు ఉన్నాయి. అసలు కథ గెలాక్సీల బయటి అంచుల్లో ఉంది. 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ మన పక్క గెలాక్సీ ఆండ్రోమెడా తిరిగే వేగాన్ని వెలుగులో కొలిచారు. ఆ తర్వాత రేడియో వాళ్ళు నక్షత్రాలు అయిపోయిన చోటు దాటి ఇంకా చాలా దూరం హైడ్రోజన్ వెంట పోయి చూశారు. 1978లో ఆల్బర్ట్ బోస్మా హాలండ్ టెలిస్కోపుతో ఎన్నో స్పైరల్ గెలాక్సీలని అలా కొలిచాడు, చాలావాటిలో వేగం పడిపోలేదు. కంటికి కనిపించనిదేదో పట్టి ఉంచుతోందని గట్టిగా అనగలిగింది అక్కడ.

నాకు ఈ అంకెల కంటే నచ్చింది మధ్యాహ్నం మూడింటికి ఉత్తరం వైపు వంచి తీసిన గ్రాఫ్. శర్మిష్ఠ నక్షత్రమండలం ఉన్న దిక్కు. అక్కడ ఉబ్బు ఒకటి కాదు, రెండు. ఒకటి సున్నా వేగం దగ్గర, మన చుట్టుపక్కల వాయువుది. ఇంకోటి సెకనుకి 50 కిలోమీటర్లు మన వైపు వస్తున్నట్టు. నడుమ పల్లం. ఆ రెండోది పెర్సియస్ చేయి, మనకి బయట ఉన్న స్పైరల్ చేయి, ఆరు వేల కాంతి సంవత్సరాలకు పైనే దూరం. మన చేయి, ఖాళీ, పక్క చేయి. బొమ్మల్లో చూసిన సుడి ఒంటె వీపులా రెండు మూపురాలుగా స్క్రీన్ మీద కూర్చుంది. పెద్దమ్మ టీ తెచ్చి పెట్టి ఎప్పుడు వెళ్ళిందో కూడా చూడలేదు, చల్లారిపోయాక తాగాను.

ఆశ అక్కడితో ఆగితే బాగుండేది. నేను మొదట్లో పని నేర్చుకున్న కేబుల్ ఆపరేటర్ దగ్గర ఎనిమిది అడుగుల పాత డిష్ మూలన పడి ఉంది. ఫైబర్ వచ్చాక దాని మొహం చూసినవాడు లేడు. పట్టుకుపో అన్నాడు. ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను. దీని చూపు ఆరు డిగ్రీలు. ఇక ఆండ్రోమెడాని పట్టేద్దామనుకున్నాను. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, సెకనుకి 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది కాబట్టి దాని హైడ్రోజన్ 1421.8 చుట్టూ ఉండాలి, మన గెలాక్సీ దానికి పక్కగా, విడిగా.

మార్చి అంతా పోయింది. ఒక రోజు 1421.8 దగ్గర ఏదో లేచినట్టుంది, మేనకోడలికి పంపకుండా ముందు డిష్‌ని పక్కకి తిప్పి ఖాళీ ఆకాశంలో చూశాను. (నేర్చుకున్నాను కదా.) అక్కడా లేచింది. అంటే అది డాంగిల్ వంకర. ఎందుకు దొరకడం లేదో లెక్క వేస్తే రెండు సంగతులు తేలాయి. ఒకటి, నా యంత్రం రొదలో ఆండ్రోమెడా వాటా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. అదంత బాధ కాదు, గంటల తరబడి కలుపుకుంటూ పోతే రొద తగ్గుతుంది. రెండోదే అసలు తిప్పలు. ఆండ్రోమెడా తిరుగుతోంది కాబట్టి ఒక పక్క మన వైపు ఇంకా వేగంగా, ఇంకో పక్క నెమ్మదిగా వస్తుంది, ఆ ఉబ్బు రెండు మెగాహెర్ట్జ్ పైనే పరుచుకుంటుంది. నా డాంగిల్ ఒకసారి చూడగలిగేదే 2.4. కిటికీ అంతా నీళ్ళే ఉంటే నీటి మట్టం ఎక్కడో ఎలా చెబుతావు? రెండు మూడు చోట్ల ట్యూన్ చేసి గ్రాఫ్‌లని అతుకులు వేయాలి, అతుకుల దగ్గర వంకరలు ఆ వెయ్యో వంతు కంటే చిన్నవిగా ఉండాలి. ప్రతి గ్రాఫ్‌లోనూ మన పాలపుంత హైడ్రోజన్ మాత్రం సున్నా దగ్గర ఠంచనుగా నిలబడి ఉండేది, ఎటు చూసినా మన వాకిలి దాటే చూడాలి కదా. యంత్రం పనిచేస్తోందని అదొక్కటే ధైర్యం.

ఏప్రిల్‌లో మేనకోడలికి ఎంట్రన్స్ పరీక్షల టెన్షన్ మొదలైంది, అతుకుల ప్రోగ్రాం సగంలో ఆగింది. ఎండకి లాప్‌టాప్ కూడా నా వల్ల కాదంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆండ్రోమెడా రాత్రి పూట ఆకాశంలో బాగా పైకి వస్తుంది, చల్లగా ఉంటుంది, అప్పుడు మళ్ళీ మొదలుపెడతాం. గరాటు ఇంకా మంచం కోళ్ళ మధ్యే ఉంది. డిష్‌లో ప్రస్తుతం పెద్దమ్మ మామిడి ఒరుగులు ఎండబెడుతోంది, గాలికి ఎగిరిపోకుండా బాగుందట. కార్తీక మాసం లోపు ఖాళీ చేసి ఇస్తానంది.